గోడ ఎవరిది? రాత ఎవరిది? - ఆదోని, ఎమ్మిగనూరు గోడరాతలపై ఒక చారిత్రక పరిశీలన

1

పట్టణాల్లో గోడలు పాడైపోతున్నాయన్న మాట మున్సిపల్ సమావేశాల్లోనూ, పత్రికల జిల్లా పేజీల్లోనూ తరచుగా వినిపిస్తూ ఉంటుంది. ఆ మాట అనేవాళ్ళు సాధారణంగా గోడ ఉన్నవాళ్ళు. రాసేవాళ్ళు ఎవరు, ఎందుకు రాస్తున్నారు, రాయడానికి వాళ్ళకు ఇంకో చోటు ఏదన్నా ఉందా అన్న ప్రశ్న మాత్రం అక్కడ రాదు. సున్నం బకెట్టు, బ్రష్షు పంపిస్తే సమస్య తీరిపోయినట్టే. ఆ బకెట్టు మోసేదీ, గోడ తుడిచేదీ ఎక్కువగా మనోళ్ళే అన్న సంగతి కూడా ఆ చర్చలోకి రాదు.

పశ్చిమ కర్నూలులోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలను ముందు పెట్టుకుని ఈ ప్రశ్నను చరిత్రలోకి తీసుకెళ్ళాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆదోనిలో 1,66,000 పైచిలుకు, ఎమ్మిగనూరులో 95,000 పైచిలుకు జనం ఉన్నారు. ఇవి మహానగరాలు కావు. అయినా ఇక్కడి గోడల మీద కనిపించే రాతల్ని విడదీసి చూస్తే నాలుగు రకాలు తేలతాయి. ఒకటి, వ్యాపారుల రాత: విత్తనాలు, ఎరువులు, సిమెంటు, బనియన్ల ప్రకటనలు. రెండు, పార్టీల రాత. మూడు, సంఘాల రాత: జై భీమ్, మహాసభ, దండోరా, విద్యార్థి సంఘాలు, కార్మిక సంఘాలు. నాలుగు, పేరు లేని రాత: మరుగుదొడ్ల గోడల మీద, బడి వెనక, హాస్టళ్ళ ప్రహరీల మీద రాసే కులం తిట్లు, ఆడపిల్లల పేర్లు, బూతులు. ఈ నాలుగింటినీ కలిపి ‘గోడలు పాడుచేయడం’ అనే ఒకే మాట కింద పెట్టడం వల్ల మొదటి రెండూ బతికిపోతున్నాయి, మూడోది నేరమైపోతున్నది, నాలుగోది శిక్ష లేకుండా తుడిచిపెట్టుకుపోతున్నది. ఇదీ నా వాదన.

2

రాయి మీద రాత ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఆదోనికి ఆగ్నేయంగా, గుత్తి దగ్గరి ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దానివి. పద్నాలుగు పెద్ద శాసనాలతో పాటు చిన్న శాసనాలు కూడా ఇక్కడే ఉన్నాయి. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, మరికొన్ని కుడి నుంచి ఎడమకీ, ఎద్దు మడక తిరిగినట్టు తిరుగుతాయి. రజ్జుకులనే అధికారులు రాజు మాటను పల్లెజనానికి చేరవేయాలని అందులో ఆజ్ఞ ఉంది. నాలుగో పెద్ద శాసనంలో భేరీఘోషం ఇప్పుడు ధర్మఘోషమయిందని రాజు చెప్పుకున్నాడు. అంటే రాతా, వాద్యమూ మొదటి నుంచీ జంటగానే ఉన్నాయి. రాత రాజుది, దాన్ని జనానికి వినిపించే చప్పుడు వాద్యానిది.

ఇక్కడే దళితుల చరిత్ర మొదలవుతుంది. అక్షరాలు రాని ఊళ్ళో ప్రభుత్వం మాట జనానికి చేరాలంటే దండోరా వేయాలి. శిస్తు కట్టాలన్నా, అధికారి వస్తున్నాడన్నా, కలరా వచ్చిందన్నా తప్పెట కొట్టి వీధివీధీ తిరిగి చెప్పేది మాదిగ. కాగితం మీద ఉన్నది చదవడం ఆయనకు రాదు, రానివ్వలేదు. కరణం చదివి చెప్తే దాన్ని గొంతులోకి ఎత్తుకుని ఊరంతా వినిపించేవాడు. ప్రభుత్వానికి ఆయన గొంతు కావాలి గానీ ఆయన చేతికి అక్షరం అక్కర్లేదు. ఇట్లా రాత ఒక కులం చేతిలో, చాటింపు ఇంకో కులం మెడలో పడ్డాయి. సమాచార సాధనాల చరిత్ర రాసేవాళ్ళు ముద్రణాలయాన్ని, పత్రికను, రేడియోను లెక్కబెడతారు. తప్పెటను మాత్రం జానపద కళల అధ్యాయంలోకి నెట్టేస్తారు.

గోడ సంగతి కూడా అంతే. గోడకు రాయి కొట్టి తెచ్చిందీ, మట్టి తొక్కిందీ, సున్నం కాల్చిందీ శ్రమకులాలు. ఇంటి గోడకు ఎర్రమట్టి అలికి, అంచుకు సున్నం గీత పెట్టేది ఆడవాళ్ళు. పండగకు ముగ్గులు, చుక్కలు, గీతలు గోడకెక్కేవి. అంటే గోడ మీద చెయ్యి మనదే. గోడ మీద ‘రాత’ మాత్రం మనది కాదు. ఈ తేడా చాలా ముఖ్యమైనది. బొమ్మ గీస్తే ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అక్షరం రాసినప్పుడే అభ్యంతరం వచ్చింది.

3

ఆదోని ఒకప్పుడు కోట పట్టణం. విజయనగరం, బిజాపూరు, మొగలులు, నిజాం అందరూ దాన్ని ఏలారు. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించినప్పుడు బ్రిటిష్ పాలనలోకి వచ్చి, తర్వాత బళ్ళారి జిల్లాలో భాగమయింది. 1865లోనే అక్కడ మున్సిపాలిటీ ఏర్పడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. 2022లో జిల్లాను విడగొట్టి నంద్యాల జిల్లాను వేరు చేసినప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు కర్నూలులోనే నిలిచాయి. ఇన్ని చేతులు మారిన ఊళ్ళో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వీధి భాషలే. దళిత వాడల్ని ఇక్కడ గేరి అనడంలో కన్నడం కనపడుతుంది.

పత్తి వ్యాపారం పెరగడంతో ఆదోనిలో జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు లేచాయి. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని స్థాపించి నేత కార్మికులను ఒక సంస్థ కిందికి తెచ్చారు. మిల్లులు, గిడ్డంగులు, సినిమా హాళ్ళు వచ్చాక పట్టణానికి పొడవాటి ప్రహరీగోడలు వచ్చాయి. 1952 నుంచి వయోజన ఓటు హక్కుతో జరిగిన ఎన్నికలు ఆ గోడలకు విలువ తెచ్చిపెట్టాయి. చదువు తక్కువ ఉన్న ఓటరుకు గుర్తు చూపించడానికి గోడకు మించిన సాధనం లేదు. ‘ఈ గోడ ఫలానా పార్టీకి రిజర్వు’ అని ముందే సుద్దతో రాసిపెట్టుకునే అలవాటు రాష్ట్రమంతటా వచ్చింది. రిజర్వేషన్ అంటే మండిపడేవాళ్ళు కూడా ఈ రిజర్వేషన్‌ను ఎన్నడూ తప్పుపట్టలేదు.

ఇంకో విషయం గమనించాలి. అంటరానివాళ్ళకు ప్రవేశం లేదని చెప్పడానికి ఎక్కువ చోట్ల బోర్డు కూడా అవసరం లేదు. వేరే గ్లాసు, వేరే అరుగు, బావి దగ్గర వేరే వరస ఇవన్నీ అక్షరం లేని రాతలే. మన తాతలకు చదువు రాకపోయినా ఈ రాతను మాత్రం అందరూ చదివారు. మద్రాసు శాసనసభలో ఎం.సి. రాజా చొరవతో వచ్చిన 1938 నాటి సాంఘిక అశక్తతల తొలగింపు చట్టం, స్వాతంత్ర్యం తర్వాత 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ఈ కనపడని రాతను చెరపడానికి చేసిన ప్రయత్నాలు. 1976లో పౌరహక్కుల రక్షణ చట్టంగా పేరు మారిన ఆ 1955 చట్టంలోని ఏడో సెక్షను, మాటతో గానీ రాతతో గానీ సంజ్ఞతో గానీ కంటికి కనపడే గుర్తుతో గానీ అంటరానితనాన్ని ప్రోత్సహిస్తే నేరం అంటుంది. అంటే గోడ మీది కులం తిట్టు కేవలం మురికి కాదనీ, నేరం కాగలదనీ చట్టం ఆనాడే గుర్తించింది. గుర్తించనిది మున్సిపాలిటీయే.

4

1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగిన మారణకాండలు తెలుగు నేల మీద దళితుల రాతను మార్చేశాయి. కారంచేడు తర్వాత దళిత మహాసభ పుట్టింది. 1990-91 అంబేద్కర్ శతజయంతి సంవత్సరం. అదే 1990 ఆగస్టులో మండల్ సిఫార్సుల అమలు ప్రకటన వచ్చింది, దానికి వ్యతిరేకంగా అగ్రకులాల విద్యార్థులు రోడ్డెక్కారు. 1994 ఎన్నికల ముందు కాన్షీరాం రాష్ట్రంలో తిరిగారు. ఆ పదేళ్ళలో అంబేద్కర్ బొమ్మ, జై భీమ్ అన్న రెండు మాటలు రాష్ట్రంలోని పల్లెల్లోకీ, పట్టణాల దళిత వాడల్లోకీ నడిచి వచ్చాయి. వాడ మొదట్లో పేరు బోర్డు లేచింది. కులం పేరుతో పిలిచే గేరి అంబేద్కర్ నగరో, అరుంధతి నగరో అయింది. పేరు మార్చుకోవడం కూడా గోడరాతే. ఊరు మనకు పెట్టిన పేరును కొట్టేసి మన పేరు మనం రాసుకోవడం.

పార్టీ రాతకూ ఈ రాతకూ తేడా ఉంది. పార్టీ డబ్బిచ్చి సైన్‌బోర్డు ఆర్టిస్టును పెట్టుకుంటుంది, అక్షరాలు వంకర పోవు. వాడలో రాసినోడు తొమ్మిదో పదో చదువుతున్న పిల్లోడు. వత్తులు తప్పుతాయి, భీమ్‌లో దీర్ఘం ఎగిరిపోతుంది. పేరున్నోళ్ళు దాన్ని చూసి నవ్వుతారు. కానీ ఆ వంశంలో బయట గోడ మీద అక్షరం పెట్టిన మొదటి చెయ్యి అది. మా తరానికి ఇంట్లో పుస్తకం లేదు. సినిమా పోస్టరూ, గోడ మీది ఎన్నికల గుర్తూ, ఎరువు ప్రకటనా కూడబలుక్కుని చదివి అక్షరం గట్టిపరుచుకున్నవాళ్ళు మాలో చాలామంది. గోడ మాకు వాచకం. వాచకంలో పిల్లోడు తిరిగి రాయడం అపచారం ఎట్లా అవుతుంది?

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. పైన చెప్పిన చరిత్ర తెలిస్తే ఆ పేరు బరువు తెలుస్తుంది. వేరేవాళ్ళ ఆజ్ఞను మోసిన తప్పెట, మొదటిసారి తన డిమాండును తానే చాటింది. పేరు చివర కులం పేరు ధైర్యంగా పెట్టుకోవడం, దాన్ని గోడల మీదికి ఎక్కించడం అప్పుడే వచ్చింది. తిట్టుగా వాడిన మాటను సంతకంగా మార్చిన రాత అది. వర్గీకరణ డిమాండు ముప్పై ఏళ్ళు నడిచి, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉపవర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పేదాకా వచ్చింది. ఈ క్రమంలో ఒకరి రాత మీద ఒకరు సున్నం పూసుకున్న అనుభవం మాల, మాదిగ సంఘాలకు రెండింటికీ ఉంది. దాన్ని దాచిపెట్టి దళిత గోడరాతల చరిత్ర రాయలేం.

5

తొంభైలలోనే గోడల మీద చట్టం దృష్టి పడింది. ప్రధాన ఎన్నికల కమిషనరుగా 1990 నుంచి 1996 దాకా ఉన్న టి.ఎన్. శేషన్ ఎన్నికల ప్రవర్తనా నియమావళిని గట్టిగా అమలు చేయించారు. యజమాని అనుమతి లేకుండా ఎవరి గోడ మీదా నినాదాలు రాయకూడదన్నది ఆ నియమావళిలో ఉంది. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ బహిరంగ స్థలాలను వికృతం చేయడాన్ని నివారించే చట్టం చేసింది. అశ్లీల, అభ్యంతరకర పోస్టర్ల నిషేధం కూడా అదే చట్టంలో ఉంది. మద్రాసు రాష్ట్రంలో ఇటువంటిది 1959లోనే, పశ్చిమ బెంగాల్‌లో 1976లోనే వచ్చింది.

చట్టాలు చెడ్డవని నేను అనడం లేదు. అద్దెకున్న పేదవాడి తలుపు మీద కూడా పార్టీ గుర్తు పూసిపోయే దౌర్జన్యాన్ని అవి కొంత ఆపాయి. కానీ ‘యజమాని అనుమతి’ అన్న మాటలో ఒక మెలిక ఉంది. అనుమతి ఇవ్వడానికి ముందు గోడ ఉండాలి. రోడ్డు వైపు ప్రహరీ ఎవరికుంది? మిల్లు యజమానికి, మండీ వ్యాపారికి, కల్యాణమండపం కట్టినవాడికి. కాలనీలో ఒక గది ఇల్లు వచ్చినవాడి గోడ సందులోకి చూస్తుంది. ఆస్తి ఉన్నవాడికే రాత అని చట్టం ఎక్కడా చెప్పదు, కానీ దాని ఫలితం అట్లాగే తేలుతుంది.

పశ్చిమ కర్నూలులో దీనికి ఇంకో కోణం ఉంది. వాన పడని ఏడు ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, ఆలూరు వైపు నుంచి కూలి కుటుంబాలు పిల్లలతో సహా సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరప, పత్తి చేలకు, బెంగళూరు కట్టడాలకు. నెలల తరబడి గేరుల్లో తాళాలే ఉంటాయి. తాళం వేసిన ఇంటి గోడకు అనుమతి అడిగేదెవరు, ఇచ్చేదెవరు? ఊళ్ళో లేని మనిషికి గోడ మీద హక్కూ లేదు, ఊరి రాతలో పేరూ లేదు.

ఫ్లెక్సీలు వచ్చాక చేత్తో రాసే ఆర్టిస్టుల బతుకుతెరువు పోయింది. రాత యంత్రం చేతిలోకి, యంత్రం డబ్బున్నోడి చేతిలోకి పోయాయి. జై భీమ్‌కు బ్రష్షు చాలు. ఫ్లెక్సీకి చందా కావాలి, చందా ఇచ్చిన నాయకుడి ఫోటో అంబేద్కర్ కంటే పెద్దగా వేయాలి.

6

ఇక నాలుగో రకం రాత సంగతి. అసలు ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే. 1997 జూలై 11న ముంబయి ఘాట్కోపర్‌లోని రమాబాయి నగర్‌లో అంబేద్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారు. నిరసన తెలిపిన జనం మీద పోలీసు బలగాలు కాల్పులు జరిపితే పదిమంది చనిపోయారు. 2022 మే 24న అమలాపురంలో కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ మొదలైన ఆందోళన మంత్రి ఇంటికి నిప్పు పెట్టేదాకా పోయింది. ఒక పేరు, ఒక బొమ్మ అంత కోపం ఎందుకు తెప్పిస్తాయి? ఊరి మొగదల దళితుడి రాత కనపడటమే కొందరికి సహించరాని విషయం కాబట్టి.

హాస్టల్ గోడ మీద రాత్రికి రాత్రి కులం తిట్టు పడిందనుకోండి. తెల్లారేసరికి వార్డెనో కౌన్సిలరో చేసే మొదటి పని సున్నం పూయించడం. గొడవ పెద్దది కాకూడదు గదా అంటారు. దాంతో సాక్ష్యం పోతుంది. రాసినోడు దొరకడు, చదివినోడి గుండెలో మాత్రం రాత మిగులుతుంది. సున్నం పూసేది కూడా తరచుగా ఆ తిట్టు ఎవరిని తిట్టిందో ఆ మనిషే. తనను తిట్టిన మాటను తానే తుడిచి, జీతం కోసం నోరు మూసుకోవాలి.

ఈ ‘వెంటనే తుడుపు’ పద్ధతికి ప్రపంచంలో ఒక సిద్ధాంతం కూడా ఉంది. అమెరికాలో 1982లో విల్సన్, కెల్లింగ్ అనే ఇద్దరు, పగిలిన కిటికీని బాగుచేయకుండా వదిలేస్తే ఆ వీధిలో నేరం పెరుగుతుందని వాదించారు. న్యూయార్క్ భూగర్భ రైళ్ళలో రాత ఉన్న పెట్టెను కడగకుండా పట్టాలెక్కించరాదని పెట్టుకుని, 1989 మేలో చివరి రాత పెట్టెను తప్పించారు. తన పేరును ఊరంతా చూపించుకోవాలనే కుర్రాడి విషయంలో అది పనిచేస్తుంది, వెంటనే తుడిస్తే చూసేవాళ్ళు ఉండరు గనక. కులం తిట్టు రాసేవాడి ఉద్దేశం అది కాదు. వాడికి పేరు అక్కర్లేదు. పొద్దున్నే హాస్టల్ పిల్లలు ఒక్కసారి చదివితే చాలు, వాడి పని అయిపోయింది. కనుక నమోదు చేయకుండా తుడవడం వాడికే సాయం.

మన చట్టంలో దారి ఉంది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసి, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చిన సవరణ ప్రకారం, దళితులు, ఆదివాసులు గౌరవించే విగ్రహాన్ని గానీ ఫోటోను గానీ పటాన్ని గానీ పాడుచేయడం నేరం. వాళ్ళు గౌరవించే చనిపోయిన వ్యక్తిని రాతతో అవమానించడం కూడా నేరమే. 1995 నియమాల ప్రకారం దర్యాప్తు చేసేది డీఎస్పీకి తక్కువ కాని అధికారి. కాబట్టి వరస ఇట్లా ఉండాలి: ముందు ఫోటో, తర్వాత పంచనామా, తర్వాత ఫిర్యాదు, ఆ తర్వాతే సున్నం. తుడిచే కార్మికుడికి ఫోటో తీసి పైవాళ్ళకు తెలియజేసే బాధ్యతా, దానికి రక్షణా రాతపూర్వకంగా ఇవ్వాలి. ఖర్చు లేని పని ఇది. మనసుంటే మున్సిపల్ కమిషనరు ఒక సర్క్యులర్‌తో చేయగలడు.

7

1984లో ఫిలడెల్ఫియా నగరం గోడలు పాడుచేసే కుర్రాళ్ళతోనే గోడల మీద పెద్ద చిత్రాలు వేయించడం మొదలుపెట్టింది. తర్వాత అదే నగర కుడ్యచిత్రాల కార్యక్రమంగా ఎదిగింది. మన దగ్గర కూడా 2016లో స్వచ్ఛ సర్వేక్షణ్ మొదలయ్యాక మున్సిపాలిటీలు గోడలకు బొమ్మలు వేయిస్తున్నాయి. మంచిదే. కానీ ఏ బొమ్మలు? చీపురు, చెత్తబుట్ట, పచ్చని చెట్టు. చీపురు పట్టుకున్న మనిషి ఎవరో మాత్రం బొమ్మలో తెలియదు. కర్నూలు జిల్లా పెదపాడులో దళిత కుటుంబంలో పుట్టి 1960 జనవరిలో ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య, దేశంలోనే ఆ పదవికెక్కిన మొదటి దళితుడు. ఆయన బొమ్మ, తప్పెట కొట్టే మనిషి, సుగ్గి మూట నెత్తిన పెట్టుకున్న తల్లి, మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడు ఆదోని, ఎమ్మిగనూరు గోడల మీద ఎందుకు ఉండకూడదు? వాటిని గేరి పిల్లలే ఎందుకు గీయకూడదు?

ప్రతి వార్డులో ఒక మున్సిపల్ గోడను జనం రాతకు వదలాలి. అక్కడ తిట్టు రాయకూడదు, ఆడవాళ్ళ పేర్లు రాయకూడదు, ఇంకొకరి రాత తుడవకూడదు. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో గోడపత్రికను తిరిగి నిలబెట్టాలి. మన సంఘాలు కూడా బడి తలుపు మీద, మసీదు గోడ మీద, పేదవాడి అరుగు మీద రాయడం మానాలి. అనుమతి అడగడం మనకు తక్కువతనం కాదు. అడగకుండా మన గోడల మీద శతాబ్దాలుగా రాసినవాళ్ళను ప్రశ్నించే హక్కు అప్పుడే మనకు నిలుస్తుంది.

పరిశోధకులకు ఒక మాట. కోటలో శిలాశాసనానికి అచ్చు తీసి భద్రపరుస్తాం. గేరిలో సున్నపు గోడ మీది జై భీమ్ రెండు వానలకు కరిగిపోతుంది. రెండూ చరిత్రకు ఆధారాలే. మొదటిదానికి శాఖ ఉంది, ఉద్యోగులున్నారు. రెండోదానికి మనం తప్ప ఎవరూ లేరు. ఆ గోడల ఫోటోలు, రాసినవాళ్ళ మాటలు, తుడిచినవాళ్ళ మాటలు ఇప్పుడే సేకరించాలి. గోడ శుభ్రంగా ఉండాలన్నదానికి ఎవరూ ఎదురు చెప్పరు. తెల్లని గోడ కింద ఏమి పూడ్చారో అడగడమే మన పని.